కొంగ అంటే ఏ కొంగ?

ఉప్పలపాడు చెరువు గట్టు మీద నిలబడి "అదేం పిట్టండీ?" అని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు "కొంగండీ". తప్పేం లేదు, తెలుగులో ఆ మాట అంత పెద్దది. గేదె వెనకాల నడిచేదీ కొంగే, నత్తలు తినేదీ కొంగే, గొంతు కింద సంచి వేలాడే గూడబాతు కూడా కొందరికి గూడకొంగే. కెన్యా సఫారీకి టికెట్టు కొనుక్కున్నవాళ్లు బయల్దేరేముందు ఈ ఒక్క మాటను విడగొట్టుకుంటే మంచిది. మాసాయి మారా చిత్తడుల్లో, నైవాషా సరస్సు ఒడ్డున కనిపించే పొడుగుకాళ్ల పక్షులు చాలావరకు ఈ కుటుంబాలవే. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడులోనో, కైకలూరు దగ్గర ఆటపాకలోనో నవంబరు, ఫిబ్రవరి మధ్య నాలుగు ఉదయాలు గడిపితే చాలు, కన్ను తిరుగుతుంది.

ముందు మెడ చూడాలి, రంగు తర్వాత. ఎగిరేటప్పుడు మెడను వెనక్కి మడిచి భుజాల మధ్య పెట్టుకుంటే అది హెరాన్ల కుటుంబం: తెల్లకొంగలు, గుడ్డికొంగ, చింతవక్క. మెడ ముందుకు బారుగా చాపి ఎగిరితే స్టార్కులు: ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ. తెల్ల కంకణాలు (వంకర ముక్కు ఐబిస్ పక్షులు), తెడ్డుమూతి కొంగలు కూడా మెడ చాపే ఎగురుతాయి. గూడబాతు మెడ మడుస్తుంది గానీ ఆ ముక్కు చూశాక ఎవరూ పొరపాటు పడరు. ఇక్కడ ఒక చిక్కుంది. తెల్లకొంగ అప్పుడే లేచినప్పుడు మెడ కాసేపు చాపే ఉంటుంది. నాలుగు రెక్కల ఊపులు ఆగి చూసి అప్పుడు పేరు పెట్టండి.

అసలు తలనొప్పి తెల్లకొంగలతోనే. నాలుగు రకాలు ఒకే చెరువులో నిలబడతాయి. పరిమాణం చూసి చెబుదామంటే పక్కన పోల్చుకోడానికి ఇంకో పిట్ట లేకపోతే కన్ను మోసపోతుంది. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు వేళ్లు ఉంటే చిన్న తెల్లకొంగ. బురదలో నుంచి కాలు ఎత్తేదాకా ఆ వేళ్లు కనబడవు, ఓపిక పట్టాలి. పొట్టి పసుపు ముక్కు, దవడ కింద ఉబ్బిన ఈకలు, పశువుల వెంట నడక అయితే పశువుల కొంగ. మిగిలిన రెండూ పసుపు ముక్కు, నల్ల కాళ్లవే. వాటికి నోటి చీలిక చూడండి. ఆ గీత కంటి కిందే ఆగిపోతే మధ్యరకం కొంగ, కన్ను దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ. పెద్దదానికి మెడ మధ్యలో విరిగినట్టు ఒక మెలిక కూడా ఉంటుంది.

గూళ్లు కట్టే కాలంలో రంగుని నమ్మితే మునిగినట్టే. పెద్ద తెల్లకొంగ పసుపు ముక్కు నల్లగా మారుతుంది, పశువుల కొంగ తల, మెడ నారింజ రంగు తిరుగుతాయి, గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపవుతుంది. మామూలు రోజుల్లో గోధుమరంగులో గట్టున కలిసిపోయే గుడ్డికొంగ లేవగానే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. దాన్ని చింతవక్క పిల్లతో కలిపేయడం చాలామంది చేసే తప్పు. చింతవక్క పిల్ల కూడా గోధుమరంగే, కానీ రెక్కల మీద తెల్లటి చుక్కలుంటాయి, ఎగిరినా రెక్కలు తెల్లబడవు. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు కూడా పెద్దవాటికే. పిల్లల ముక్కులు మామూలుగా మూసుకునే ఉంటాయి, అందుకని సందు లేదని వేరే జాతి అనుకోవద్దు.

చెరువులో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే నల్ల పిట్టలు కూడా రెండున్నాయి. నీటికాకికి ముక్కు చివర కొక్కెం ఉంటుంది, పాముమెడ పిట్టకు బాకులాంటి సూది ముక్కు. ఈ ఒక్క తేడా చాలు.

ఇక పరికరం. బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి. 10 రెట్లది ఊగే జీపులో పట్టుకుంటే చేతి వణుకు కూడా 10 రెట్లవుతుంది. కొన్నరోజే సరిచేసుకోవాలి: కుడికన్ను మూసి నడిమి చక్రం తిప్పి ఎడమకంటికి బొమ్మ స్పష్టం చేయండి, తర్వాత ఎడమకన్ను మూసి కుడి కటకం దగ్గరున్న రింగుతో కుడికంటికి సరిచేయండి, ఆ గుర్తు గుర్తుపెట్టుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటికప్పులు లోపలికి తిప్పేయాలి, లేకపోతే సొరంగంలోంచి చూసినట్టుంటుంది. జీపులో స్టాండు పనికిరాదు, బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి కిటికీ అంచున పెడితే చాలు. ఇంజను ఆపించండి. ఎండ ముదిరాక నేల మీద గాలి అలలు లేస్తాయి, ఎంత ఖరీదు అద్దాలైనా మసకే. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోండి. ఎదురు వెలుతురులో కొంగ కూడా నీటికాకిలా కనిపిస్తుంది.

మన దగ్గర నేర్చుకున్నది కెన్యాలో రెండు రకాలుగా అక్కరకొస్తుంది. కొన్ని జాతులు అచ్చంగా అవే. నలుపు తెలుపు లకుముకి పిట్ట కృష్ణ మీద గాల్లో నిలబడి రెక్కలాడించినట్టే నైవాషా మీదా ఆడిస్తుంది. ఎదమీద రెండు నల్ల పట్టీలుంటే మగది, ఒకటే, అదీ మధ్యలో తెగి ఉంటే ఆడది. ఇంకొన్నిటికి దాయాదులుంటారు. మన ఎర్రకాళ్ల కొంగ ఎదకు అడ్డంగా నల్లపట్టీ ఉంటుంది, కెన్యాలోని పసుపుముక్కు కొంగకు అది లేదు, ముఖం ఎర్రగా ఉంటుంది. నత్తగుల్ల కొంగ అక్కడ ఒళ్లంతా ముదురు రంగు. దసరా పాలపిట్టకు అక్కడి బంధువు ఊదారంగు ఎద, తోక అంచుల్లో సన్నటి పొడుగు ఈకలతో ముళ్లతుమ్మల మీద కూర్చుంటుంది, ఫొటోలకు బాగా లొంగుతుంది.

తెల్ల కంకణం దగ్గర మాత్రం జాగ్రత్త. వంకర ముక్కు, బోడి నల్ల తల, తెల్లటి ఒళ్లు, కూర్చుంటే మనదీ ఆఫ్రికాదీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆఫ్రికా దానికి రెక్క విప్పితే వెనక అంచు పొడుగునా నల్లగీత. మనదానికి ఆ గీత ఉండదు, రెక్క కింద ఈకల్లేని ఎర్ర చర్మం పట్టీగా కనిపిస్తుంది. అది ఎగిరేదాకా ఏదైనా చూస్తూ ఉండండి.