చెక్క ఎరకు నాలుక దొరికేవరకు: నా అనుభవం

పర్లాకిమిడి చుట్టుపక్కల చెరువుల్లో కొరమీనుకు గాలం వేసేవారిలో ఎక్కువమంది వానపామునో చిన్న కప్పనో ఎరగా గుచ్చుతారు. చెక్కతో చేప ఆకారం చెక్కి, దానికే గాలాలు తగిలించి, తంగూసుతో, అంటే గాలపు నైలాను దారంతో, లాగుతుంటే నీటిలో బతికిన చేపలా ఊగే కృత్రిమ ఎరను ఇంట్లోనే తయారు చేసుకోవాలని నేను కొంతకాలంగా పట్టుదలతో ఉన్నాను. ఈ వారం ఆ పని నెరవేరింది. చెక్క, తీగ, బరువు, రంగు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఎర మూతి కింద ముందుకు పొడుచుకువచ్చి ఉండే చిన్న పారదర్శకమైన పలక, మేము నాలుక అని పిలుచుకునే ఆ గోరంత భాగం, నన్ను బరంపురం వరకు తిప్పి నలుగురిలో అవమానం పాలు చేసింది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

చెక్క సంగతి త్వరగా ముగిస్తాను. మా వైపు కలప అడితీల్లో గుమ్మడి టేకు సులువుగా దొరుకుతుంది; గంభారి అని ఒడియాలో అడిగితే ఇంకా త్వరగా ఇస్తారు. అది తేలిక, చెక్కడానికి మెత్తన, ఆరిన తర్వాత అంతగా వంకర పోదు. జీలుగు బెండు ఇంకా తేలికే అయినా కొరమీను పళ్లకు ఆగదు. ఏడు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల ఎత్తు, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మె ఒక ఎరకు సరిపోతుంది. నాలుక దూరే గాడినీ, పొట్ట కింద తీగ కూర్చునే గాడినీ దిమ్మె నలుచదరంగా ఉన్నప్పుడే కోసుకోవాలి. గుండ్రంగా చెక్కిన తర్వాత వైస్‌లో బిగించడానికి చదునైన వైపు మిగలదు, రంపం జారి వేలి మీదికి వస్తుంది, గాడి కూడా ఒక పక్కకు ఒరుగుతుంది. గాడి ఒరిగిన ఎర నీటిలో పక్కకు పడి బొంగరంలా తిరుగుతుంది తప్ప ఈదదు.

మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. మా వీధిలో ఆ పని చేసే పెద్దాయనను నేను బాబాయి అని పిలుస్తాను. ఆకురాయి పట్టడం, దాన్ని ఒకే దిశలో నెట్టి వెనక్కి ఎత్తి తీసుకోవడం, గరుకు కాగితాన్ని తడిపి రుద్దడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేను దిమ్మె మీది పొట్టును ఊదబోతే ఆయన చెయ్యి పట్టుకుని, "నోటితో ఊదకు నాయనా, అది కంట్లోకీ ఊపిరిలోకీ తిరిగొత్తాది, తడిగుడ్డతో తుడు" అన్నాడు. జీవితమంతా కొమ్ము పొడి మధ్య గడిపిన మనిషి చెప్పిన ఆ మాటను మించిన జాగ్రత్త నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తీగ కోసం ఒక మిల్లీమీటరు మందపు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ వాడాను. మూతి నుంచి తోక వరకు ఒకే తీగ నడిస్తే, చేప చెక్కను కొరికి చీల్చినా గాలాలు తంగూసు నుంచి విడిపోవు. కత్తిరించేటప్పుడు తీగ కొస తూటాలా ఎగురుతుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, కొస మీద గుడ్డ కప్పి కత్తిరించాలి. ఇంతకంటే ఇందులో చెప్పవలసింది లేదు.

బరువు దగ్గర మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎర పొట్టలో కొద్దిపాటి బరువు లేకపోతే అది నీటిలో నిటారుగా నిలవదు, ఆ బరువుకు అందరూ సీసమే వాడతారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది గనుక ఇంటి పొయ్యి మీద పాత గరిటెలో కరిగించేవారిని మా పరిచయస్తుల్లోనే చూశాను. అదే వంటగదిలో పిల్లలకు అన్నం వండుతారు. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది క్షణంలో ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. ఆ పొగ, ఆ ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. చీలిక ఉన్న సీసపు గుండును తంగూసు మీద పెట్టి పళ్లతో నొక్కేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను సైకిలు చక్రాల ఇరుసుల్లో వేసే ఉక్కు గుండ్లు వాడాను. ఉక్కు సాంద్రత 7.8, సీసానిది 11.3 కాబట్టి అదే బరువుకు ఉక్కు దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు అడుగుతుంది. పొట్టలో రంధ్రం ఆ మేరకు పెద్దది చేస్తే సరిపోతుంది. బరువును శాశ్వతంగా మూయడానికి ముందు గాలాలతో సహా ఎరను బకెట్ నీటిలో వదిలి, వీపు పైకి ఉండేలా తేలుతోందో లేదో చూసుకోవాలి.

ఇక నాలుక. తంగూసు లాగినప్పుడు నీరు వచ్చి ఈ పలకను నెడుతుంది, ఆ ఒత్తిడి కుడివైపు, ఎడమవైపు మారుతూ ఉండడం వల్ల ఎర ఊగుతుంది. పలక నిలువుకు దగ్గరగా ఉంటే ఎర పైపైనే పెద్దగా ఊగుతూ వస్తుంది, శరీరపు వరుసలో ముందుకు సాగి ఉంటే లోతుకు మునుగుతుంది. మా చెరువుల్లో కలుపు మొక్కలు, నదిలో రాళ్లు ఎక్కువ కనుక నాకు కావలసింది సుమారు 45 డిగ్రీల కోణం. ఈ పలక రాళ్లకు కొట్టుకుంటుంది, చేప దవడల్లో పడుతుంది, గట్టు మీద పడుతుంది. కాబట్టి దానికి తగిన పదార్థం పాలీకార్బొనేట్ అనే మొండి ప్లాస్టిక్ అని తెలుసుకుని, నూరు కిలోమీటర్లు దాటి బస్సులో బరంపురం వెళ్లి, బోర్డులకు ప్లాస్టిక్ షీట్లు కోసి అమ్మే ఒక దుకాణంలో ఆ పేరే స్పష్టంగా చెప్పి రెండు మిల్లీమీటర్ల ముక్క అడిగాను. "అదే ఇది" అని యజమాని ఒక తునక తీసి ఇచ్చాడు. దాని మీద రక్షణ పొర అప్పటికే ఊడదీసి ఉంది. డబ్బు తీసుకుని, కాగితం ముక్క మీద ప్లాస్టిక్ అని మాత్రమే రాసి చేతిలో పెట్టాడు.

ఇంటికి తెచ్చి కోస్తుంటే అంచులు పెంకుల్లా ఊడి ఎగిరాయి. ఒక పెంకు సూటిగా కళ్లద్దానికి తగిలింది; అద్దం లేకపోతే ఆ పెంకు కంట్లోనే ఉండేది. ఎలాగో నాలుకలు చేసి, గాడిలో అతికించి, గాలాలు లేకుండా మహేంద్రతనయ నదిలో లాగి చూస్తే ఎర చక్కగానే ఊగింది. కానీ మొదటి రాయికి తగలగానే నాలుక గాడి అంచు దగ్గర తెగి పోయింది. మరొకటి పెడితే అదీ అంతే. కోణం తప్పా, గాడి లోతు తప్పా, అంటు పదార్థమేమైనా తినేసిందా అని ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. విరిగిన ముక్కను బాబాయి వెలుగుకు ఎదురుగా పట్టి చూసి, విరుపు గాజు విరిగినట్టు నున్నగా ఉందనీ, మొండి సరుకయితే ముందు వంగి ఉండాలనీ అన్నాడు. నా చేతి పనిలో లోపం లేదని, సరుకే వేరని అప్పుడు తేలింది. దుకాణదారు ఇచ్చినది యాక్రిలిక్ అనే పెళుసు ప్లాస్టిక్.

ఈ రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. నీటిలో వేసి తేడా కనుక్కోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. యాక్రిలిక్ సాంద్రత సుమారు 1.18, పాలీకార్బొనేట్‌ది సుమారు 1.20, రెండూ మునుగుతాయి. కాల్చి వాసన చూడమనేవారి మాట అసలే వినవద్దు, ప్లాస్టిక్ పొగ పీల్చడం పరీక్ష అనిపించుకోదు. సన్నని పట్టీ కోసి, గుడ్డలో చుట్టి, రెండు పట్టకార్లతో వంచితే చాలు. పాలీకార్బొనేట్ చల్లగా ఉన్నప్పుడే లంబకోణం దాకా వంగి అలాగే నిలుస్తుంది, యాక్రిలిక్ టప్పున విరుగుతుంది.

ఈ పట్టీలు పట్టుకుని నేను మళ్లీ బరంపురం వెళ్లాను. డబ్బు వెనక్కి అడగాలన్న ఉద్దేశం నాకు లేదు, అడిగిన సరుకు ఇమ్మని మాత్రమే చెప్పాలనుకున్నాను. దుకాణంలో బోర్డుల పని మీద వచ్చినవారు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. యజమాని నన్ను చాలాసేపు పక్కన నిలబెట్టి, తర్వాత అందరికీ వినబడేలా, "ఏటండీ మాస్టారూ, చేపలకి కూడా నాలుకలు పెడుతున్నారేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పట్టీ తీసి వారి ఎదుటే వంచి విరిచి చూపించాను. "మీరు వంచిన తీరు అలాగుంది" అన్నాడు. పాలీకార్బొనేట్ అని అడిగి తీసుకున్నానని చెబితే బిల్లు చూపించమన్నాడు. తాను రాసిచ్చిన కాగితమే చూపించాను. ప్లాస్టిక్ అని ఉంది, ప్లాస్టిక్కే ఇచ్చాను అన్నాడు. "బొమ్మలు చేసుకునే పనికి ఇంత గొడవేటండీ, పిల్లలకి పాఠాలు చెప్పుకోక" అని కూడా అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా బడిలో నిలబడి మాట్లాడుతున్న మనిషిని, ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. ఆ నవ్వుల మధ్య నుంచి బయటికి వచ్చి బస్టాండు వరకు నడుస్తుంటే ముఖం కాలిపోయినట్టనిపించింది.

చేతిపనిని బొమ్మలాట అని తీసిపారేసే ఈ అలవాటు మన వ్యాపారుల్లో బలంగా ఉంది. పెద్ద బోర్డు కోసం షీట్లకు షీట్లు కొనేవాడికి కుర్చీ వేస్తారు, జానెడు ముక్క కొనేవాడిని మోసం చేసినా అడిగేవాడు లేడని ధీమా. జానెడు ముక్కకైనా పదార్థం పేరు రాసిన బిల్లు తీసుకోవడం కొనేవాడి హక్కు. పొర ఊడదీసిన తునకలు కొనవద్దు. కొత్త షీటు మీది పొరకు పదార్థం పేరు చాలావరకు అచ్చై ఉంటుంది. వంచి చూపించడానికి ఒప్పుకోని దుకాణం మెట్లు దిగిపోండి.

నాకు కావలసిన సరుకు చివరికి పైసా ఖర్చు లేకుండా మా ఊళ్లోనే దొరికింది. బండి బాగుచేయించుకోవడానికి మెకానిక్ దగ్గర కూర్చుని ఈ కథంతా చెబితే, అతను మూలన పడి ఉన్న పాత హెల్మెట్ అద్దం తీసి, "ఇది పనికొత్తాదేటో సూడండి మాస్టారూ" అన్నాడు. హెల్మెట్ ముందు అద్దాలను సాధారణంగా పాలీకార్బొనేట్‌తోనే చేస్తారు. రాయి తగిలినా పగిలి కంట్లో పడకూడదన్నదే దాని పని కదా! అక్కడే ఒక పట్టీ కోసి వంచాను, వంగింది, మళ్లీ వంచాను, విరగలేదు. అద్దానికి ఉన్న వంపు పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు నాలుకలో కనిపించనే కనిపించదు. హెల్మెట్ అద్దం దొరకనివారు పాత సీడీలు వాడవచ్చు. వాటి మూల పదార్థం కూడా పాలీకార్బొనేటే, మందం 1.2 మిల్లీమీటర్లు, చిన్న ఎరలకు అది చాలు. అయితే సీడీని కత్తెరతో కత్తిరిస్తే అంచు పగుళ్లిస్తుంది, సన్నని పళ్ల రంపంతోనే కోయాలి.

కోసే పద్ధతి బాబాయి కొమ్ము ముక్కలను పట్టే పద్ధతే. పలకను రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య ఉంచి, కోయవలసిన అంచు మాత్రమే బయటికి కనిపించేలా వైస్‌లో బిగించి, రంపాన్ని తొందరపెట్టకుండా నడపాలి. పలకను చేత్తో పట్టుకుని డ్రిల్లు దించితే బిట్టు దాన్ని అందుకుని గిర్రున తిప్పుతుంది, వేళ్లు తెగుతాయి. అంచులను ఆకురాయితో గుండ్రం చేసి తడి గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. అంచులో చిన్న గీత మిగిలినా పగులు అక్కడే మొదలవుతుంది. థిన్నరు, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం ఈ పదార్థానికి శత్రువులు. అవి తగిలితే పైకి కనబడని పగుళ్లు పుడతాయి కాబట్టి సబ్బు నీటితోనే కడగాలి, రంగు వేసేటప్పుడు నాలుకకు టేపు చుట్టి ఉంచాలి.

అతికించడానికీ, పైపూతకూ రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు వాడాను. చేతులకు తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి పని చేశాను, ఎందుకంటే అది పదేపదే చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు శాశ్వతంగా పట్టుకుంటాయి. గాలాలు అన్నిటికన్నా చివర తగిలించి, మూడు ముళ్ల కొసలకు సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు తొడిగాను. నీటిలో ఎర ఒక పక్కకు లాగితే చెక్కను మళ్లీ చెక్కనక్కరలేదు, తంగూసు కట్టే తీగ కంటిని ఎదురు వైపుకు వెంట్రుకవాసి వంచితే సరిపోతుంది.

నిన్న సాయంత్రం పాతపట్నం వైపు ఒడ్డున, అవే రాళ్ల మధ్య ఈ ఎరను లాగాను. నాలుక రాయికి తగిలి పక్కకు తిరిగి మళ్లీ ఈదుకుంటూ వచ్చింది, అంచు మీద గీత తప్ప ఏమీ కాలేదు. దుకాణంలో కొన్న ఎర ఏదీ నా చేతిలో ఇంత నేర్పుగా ఈదలేదని ఎవరి ఎదుటనైనా చెప్పగలను. కొరమీను పిల్లల గుంపును కాచుకునే కాలంలో తల్లిదండ్రుల మీదికి ఎర విసరను. చెరువు పరీక్ష ఆ కాలం దాటాకే. బరంపురం యాక్రిలిక్ తునకతో నాలుక నమూనాలు చేసుకున్నాను, గీత గీయడానికి అది బాగానే ఉంది. హెల్మెట్ అద్దంలో ఇంకా సగానికి పైగా మిగిలింది. మెకానిక్ మట్టగిడసకు చిన్న ఎర అడిగాడు, దాని దిమ్మె కోసి పెట్టాను.