నాన్న చేతికి ఒక్క రిమోట్ చాలు

టీవీకి తగిలించే పొడవాటి స్పీకర్, అదే సౌండ్‌బార్, కొన్న ఇంట్లో పని ఎప్పుడు పూర్తయినట్టు? గోడకి బిగించి, ఒక పాట గట్టిగా వినిపించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని షాపు కుర్రాడు బండెక్కినప్పుడు కాదు. ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు తమకి అలవాటైన టీవీ రిమోట్ తీసుకుని సౌండ్ మీట నొక్కితే, బార్‌లోంచి సౌండ్ పెరగాలి. అప్పుడే పని అయినట్టు. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదనకి సిద్ధం.

మా నాన్న విశాఖ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. గ్రైండింగు, చిప్పింగు, ఉక్కు ప్లేట్ల మీద సుత్తి దెబ్బలు. ఆయన చేరిన రోజుల్లో చెవిలో దూది పెట్టుకుంటే అదే రక్షణ. అలాంటి మోతలో ఏళ్ళ తరబడి గడిపినవాళ్ళకి ముందు పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి కీచు శబ్దాల వినికిడి. గొంతు వినిపిస్తుంది కానీ మాట తెలియదు. స, ష, చ లాంటివి జారిపోతాయి. అందుకే నాన్న ఎప్పుడూ "సౌండ్ లేదు" అనరు, "ఏటంటన్నాడు వాడు?" అంటారు. దానికి తోడు ఇప్పటి పల్చటి టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకి కొట్టుకుని మనదాకా వస్తుంది. సౌండ్‌బార్ అయితే నేరుగా మన ముఖంలోకి మాట్లాడుతుంది, చాలా మోడళ్ళలో మాటల్ని మ్యూజిక్ మీంచి పైకి తేల్చే సెట్టింగు కూడా ఉంటుంది. మా ఎంవీపీ కాలనీ ఇంట్లో బార్ పెట్టించింది ఆ మాటల కోసమే. దడదడలాడే బాస్ మాకెవరికీ అక్కర్లేదు.

షాపు వాళ్ళు పంపిన కుర్రాడు ఆప్టికల్ కేబుల్ పెట్టి వెళ్ళిపోయాడు. సౌండ్ బాగానే వచ్చింది. కానీ టీవీ రిమోట్‌తో ఎంత నొక్కినా పెరగదు, తగ్గదు. బార్‌కి వేరే రిమోట్ ఉంది. అరచేతిలో దాక్కునేంతది, మీటలన్నీ ఒకే సైజు, నలుపు మీద బూడిద రంగు అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకున్నా నాకే కనబడవు. సెట్‌టాప్ బాక్సుకి ఇంకో రిమోట్. "ఒక టీవీకి మూడు రిమోట్లేటే?" అని అమ్మ ఆ రోజే అడిగేసింది. నాన్న ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి చూస్తే బార్ ఆఫ్ చేసేసి, టీవీ పాత స్పీకర్లతోనే వార్తలు చూస్తున్నారు. అడిగితే "బాగానే వినబడతందిలే అమ్మా" అన్నారు.

వినబడటం లేదని నాకు తెలుసు. కానీ బార్ వేసుకుంటే, యాడ్ రాగానే ఇల్లు దద్దరిల్లినప్పుడు తగ్గించమని ప్రతిసారీ ఎవరినో ఒకరిని కేకెయ్యాలి. అది ఆయనకి ఇష్టం లేదు. నలభై టన్నుల క్రేన్ కింద నిలబడి చేతి సైగలతో పని చేయించిన మనిషి, తన ఇంట్లో తన టీవీ సౌండ్ తగ్గించమని మనవణ్ణి బతిమాలుకోవాలా? నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ సంగతి మొత్తం తెలుసుకున్నాను.

ఆప్టికల్ కేబుల్ అంటే లోపల వెలుతురు మాత్రమే ప్రయాణించే తీగ. 1983లో తోషిబా తెచ్చిన పద్ధతి. టీవీ నుంచి బార్‌కి సౌండ్ ఒక్కటే వెళ్తుంది. "పెంచు, తగ్గించు" అనే కబురు వెళ్ళడానికి అందులో దారే లేదు. కేబుల్‌ది తప్పు కాదు, దాని పని అంతే. ఆ కబురు మోసేది హెచ్‌డీఎంఐ, అంటే బొమ్మనీ సౌండ్‌నీ కలిపి మోసే తీగ. ఆ పిన్నులో 19 కాళ్ళుంటాయి, వాటిలో 13వది కేవలం పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి. దాన్ని సీఈసీ అంటారు. 14వ కాలు మీదుగా టీవీ సౌండ్ వెనక్కి బార్‌కి వెళ్తుంది, దాని పేరు ఆర్క్. 2009లో హెచ్‌డీఎంఐ 1.4 వెర్షన్‌తో వచ్చింది. మనం టీవీ రిమోట్ నొక్కితే టీవీ తన స్పీకర్ ముట్టుకోకుండా, బార్‌కి సీఈసీలో కబురు పెడుతుంది. బార్ సౌండ్ పెంచి, ఇప్పుడు ఇంత ఉందని తిరిగి చెబుతుంది. తెర మీద మనకి కనిపించే అంకె అదే. అంటే కావలసింది ఒక్క హెచ్‌డీఎంఐ తీగ. అది చాలా బార్‌లకి అట్టపెట్టెలోనే వస్తుంది. మా పెట్టెలో కూడా ఉంది, ప్లాస్టిక్ కవరు విప్పకుండా.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. మా టీవీ గోడకి అంటుకున్నట్టు ఉంటుంది, వెనక చెయ్యి కూడా సరిగ్గా పట్టదు. ఫోన్ కెమెరా ఆన్ చేసి, టార్చ్ వేసి, ఆ సందులోకి పోనిచ్చి ఫోటోలు తీశాను. హెచ్‌డీఎంఐ రంధ్రాలన్నీ ఒకేలా ఉంటాయి, కానీ అన్నీ ఒకటి కావు. సాధారణంగా ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ (ఆర్క్ అంటే ఇదే) అనో, దాని కొత్త రకం ఈఏఆర్‌సీ అనో చిన్న అక్షరాలుంటాయి. మా టీవీలో ఆ రంధ్రంలో సెట్‌టాప్ బాక్సు తీగ దూరి కూర్చుంది. దాన్ని పక్క రంధ్రంలోకి మార్చి, బార్ తీగ ఇక్కడ పెట్టాను. బార్ వైపు కూడా ఆర్క్ అని రాసి ఉన్న చోటే పెట్టాలి.

తర్వాత సెట్టింగులు. సీఈసీ అనే పేరు చాలా టీవీల మెనూలో నేరుగా కనబడదు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్. అన్నీ ఒకటే. అది ఆన్ చేసి, సౌండ్ అవుట్‌పుట్ దగ్గర టీవీ స్పీకర్ తీసేసి హెచ్‌డీఎంఐ ఆర్క్ అనో ఆడియో సిస్టమ్ అనో ఉన్నది ఎంచుకోవాలి. ఈ రెండోది మర్చిపోతే తీగ ఉన్నా ఫలితం ఉండదు. ఇంతా చేసినా బార్ పలకకపోతే టీవీ, బార్, బాక్సు మూడింటినీ స్విచ్ దగ్గర ఆపేసి, ప్లగ్గులు పీకి, కాసేపు ఆగి, ముందు టీవీ వెయ్యండి. రిమోట్‌తో ఆపితే సరిపోదు, కరెంటు పూర్తిగా తెగాలి. మా వీధిలో వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి టీవీ బార్‌ని గుర్తుపట్టదు, అప్పుడూ ఇదే వైద్యం. స్విచ్‌బోర్డు దగ్గర అమ్మకి చూపించి ఉంచాను.

ఇక్కడితో అయిపోలేదు. నాన్న చేతిలో ఎక్కువసేపు ఉండేది సెట్‌టాప్ బాక్సు రిమోటు. ఛానెళ్ళు మార్చేది దాంతోనే కదా. చాలా బాక్సుల రిమోట్లు టీవీ రిమోట్ సౌండ్ మీటల్ని నేర్చుకోగలవు. రెండు రిమోట్ల ముఖాలు ఎదురెదురుగా పెట్టి, నేర్చుకునే మోడ్‌లోకి తెచ్చి, టీవీ రిమోట్ మీట నొక్కితే దీంట్లోకి ఎక్కుతుంది. మోడ్‌లోకి తెచ్చే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, బాక్సుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఒకసారి నేర్చుకుందా, బాక్సు రిమోట్ టీవీకి చెబుతుంది, టీవీ బార్‌కి చెబుతుంది. ఈ పని చేసేముందు బాక్సు సొంత సౌండ్‌ని పూర్తిగా పెంచి వదిలెయ్యాలి. అక్కడ తక్కువలో ఉండిపోతే బార్ ఎంత పెంచినా నీరసంగానే వినిపిస్తుంది. ఇప్పుడు నాన్న దగ్గర ఒక్క రిమోటే ఉంది. మిగతా రెండూ బీరువా సొరుగులో ఉన్నాయి, సెల్స్ తీసి, ఎందుకంటే మన బీచ్ గాలికి లోపలే చిలుమెక్కిపోతాయి.

ఒక చిన్న చికాకు ఉంది, ముందే చెప్తాను. సీఈసీ ఆన్‌లో ఉంటే టీవీ ఆపినప్పుడు బార్ కూడా ఆగిపోతుంది. బ్లూటూత్‌లో బార్ మీద పాటలు వినేవాళ్ళకి ఇది అడ్డం. మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. పైగా నాన్న బార్ ఆపడం మర్చిపోతారన్న బెంగ తీరింది.

గాజువాకలో ఉండే మా పిన్నిది పాత టీవీ, ఆర్క్ లేదు. ఆవిడ ఇంట్లో ఇంకో తంటా కూడా చూశాను. టీవీ బల్ల మీద ఉంటుంది, దాని ముందు బార్ పెట్టారు. టీవీ కింది అంచున రిమోట్ కిరణాలు అందుకునే చిన్న కన్ను ఉంటుంది, బార్ సరిగ్గా దానికి అడ్డం పడింది. అందుకని రిమోట్ ఎత్తి పట్టుకుని నొక్కేది పాపం. బార్‌ని ముందుకు లాగి కాస్త కిందికి దించితే ఆ బాధ పోయింది. ఆర్క్ లేకపోయినా దారి ఉంది. కొన్ని బార్‌లు టీవీ రిమోట్ కిరణాలని తామే నేర్చుకుంటాయి. పిన్ని కొన్నది అలాంటిదే. నేర్పించాక టీవీ మెనూలో టీవీ స్పీకర్లు ఆపెయ్యాలి. లేకపోతే ఒక్క మీటకి రెండూ కలిసి పెరుగుతాయి, మాట ప్రతిధ్వనిలా రెండుసార్లు వినబడుతుంది.

కాబట్టి డాబా గార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో బార్ బేరం చేసేటప్పుడు వాట్లు అడిగేముందు రెండు సంగతులు అడగండి. దీనికి హెచ్‌డీఎంఐ ఆర్క్ ఉందా? లేకపోతే టీవీ రిమోట్‌ని నేర్చుకుంటుందా? వెళ్ళేముందు మీ టీవీ వెనక ఫోటో ఒకటి తీసి ఫోన్‌లో పెట్టుకోండి. బిగించడానికి వచ్చిన కుర్రాడికి ముందు మంచినీళ్ళివ్వండి, తర్వాత టీవీ రిమోట్ ఇంట్లో పెద్దవాళ్ళ చేతికిచ్చి వాళ్ళతోనే సౌండ్ మీట నొక్కించండి. బార్ పలికాకే కాగితం మీద సంతకం.