మీటింగ్‌కి రాని తల్లిదండ్రుల సంగతి

పనిరోజు మధ్యాహ్నం మూడింటికి పేరెంట్స్ మీటింగ్ పెడతారు. నలుగురో అయిదుగురో వస్తారు. ఆ తర్వాత "మేం పిలుస్తూనే ఉన్నామండీ, పేరెంట్స్‌కే ఇంట్రెస్ట్ లేదు" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పూట సంపాదన వదులుకుంటే తప్ప రాలేని టైము పెట్టి, రాలేదని నేరం వాళ్ళ మీదే మోపడం ఏం న్యాయం?

ప్రభుత్వ బడులు బాగుపడాలంటే తల్లిదండ్రులు ముందుకు రావాలని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ చంకలో ఏడాది పిల్ల, ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడ, గంట పర్మిషన్ అడిగితే మొహం చిట్లించే సూపర్‌వైజరు ఉన్న మనిషి విద్యావిధానం గురించి మాట్లాడటానికి ఏ వేళప్పుడు రావాలి, ఎవరికి అప్పజెప్పి రావాలి? అందుకే బడి సంగతి ఒక ఫైల్లో, కుటుంబానికి ఆసరా ఇంకో ఫైల్లో పెట్టి, ఒకదాని గురించి అడిగితే "అది మా శాఖ కాదు" అనడం నాకు మింగుడుపడదు. రెండోది లేకపోతే మొదటిదాని గురించి అడిగేవాళ్ళే మిగలరు. మిగిలేది తీరిక ఉన్నవాళ్ళు. వాళ్ళు అడిగేది వాళ్ళ పిల్లలకి కావలసింది.

ఇది చట్టాలు చేసేవాళ్ళకి తట్టని విషయమేం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 25 మంది, అంతకు మించి పనిచేసే చోట ఉద్యోగి పిల్లల బడి పనుల కోసం ఏడాదికి 40 గంటల దాకా సెలవు పెట్టుకోవచ్చు. మసాచుసెట్స్‌లో 24 గంటలు, ఇలినాయిలో 8. ఆ గంటలకి జీతం ఇచ్చి తీరాలన్న నిబంధన మాత్రం లేదు, కాబట్టి మరీ మురిసిపోవాల్సిన పని లేదు. అయినా "మా బాబు టీచర్‌తో మాట్లాడాలి సార్" అని నసుగుతూ అడగడానికీ, ఫలానా చట్టం ప్రకారం నా గంటలు వాడుకుంటున్నానని చెప్పడానికీ చాలా తేడా ఉంది.

ఇంక డబ్బు సంగతి. పిల్లలున్న కుటుంబాలకి నేరుగా డబ్బిస్తే సోమరులవుతారని వాదించేవాళ్ళు అమెరికాలో 2021లో జరిగింది ఒకసారి చూడాలి. ఆ ఏడాది జూలై నుంచి డిసెంబరు దాకా ఆరేళ్ళలోపు పిల్ల ఉంటే నెలకి 300 డాలర్లు, అంతకంటే పెద్ద పిల్లలకి 250 డాలర్లు వరకూ చాలా కుటుంబాల అకౌంట్లలో వేశారు. ప్రభుత్వ సాయాన్ని కూడా కలిపి లెక్కవేసే అక్కడి కొలమానం ప్రకారం పిల్లల్లో పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి దిగింది. పథకాన్ని పొడిగించలేదు. 2022లో అదే అంకె 12.4 శాతం. కొవిడ్ అప్పటి ఇతర సాయాలు ఆగిపోవడం కూడా అందులో ఉంది, అయినా ఏడాది తిరిగేసరికి రెట్టింపు దాటింది. ఆ ఏడాదిలో తల్లిదండ్రులు ఉన్నట్టుండి బద్ధకస్తులైపోయారా?

భోజనం సంగతీ అంతే. ఫిన్లాండ్ 1948 నుంచి బడిలో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతోంది, పేద గొప్ప తేడా లేకుండా. "అందరికీ" అన్నదే అక్కడ అసలు కిటుకు. ఎవరికి ఉచితం, ఎవరికి కాదు అని లిస్టు తయారుచేసిన మరుక్షణం ఆ లిస్టులో పేరున్న పిల్ల ప్లేటు పట్టుకోవడానికి సిగ్గుపడుతుంది. ఈ విషయం తల్లులకి తెలిసినంతగా అధికారులకి తెలీదు, ఎందుకంటే ఆకలి లేదని అబద్ధం చెప్పే పిల్లని వాళ్ళు ఎదురుగా చూడరు కదా.

సరే, తల్లిదండ్రులు ఎలాగో వచ్చారనుకుందాం. వచ్చి ఏం అడగాలి? ఇక్కడే నేను కాస్త గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

మా పిల్లల బడిలో ఆడపిల్లల టాయిలెట్ తలుపు గడియ ఊడిపోయింది. దానికి పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇద్దరు కలిసి వెళ్ళాలి, ఒకరు లోపల, ఇంకొకరు బయట నిలబడి తలుపు జారకుండా కాలితో నొక్కి పట్టాలి. జత దొరకని పిల్ల ఇంటికొచ్చేదాకా ఉగ్గబట్టుకుంటుంది. అలా ఉగ్గబట్టాల్సి వస్తుందని పొద్దున్నించి నీళ్ళు తాగడమే మానేస్తుంది. బాటిల్ నింపి పంపింది నింపినట్టే తిరిగొస్తుంటే తప్ప ఇది ఇంట్లో ఎవరికీ తెలీదు. టీచర్‌ని అడిగితే హెడ్‌మాస్టర్‌కి చెప్పామన్నారు, హెడ్‌మాస్టర్‌ని అడిగితే పైకి రాశామన్నారు. కొందరు తండ్రులు విసిగిపోయి తామే గడియ కొని బిగించేశారు. మంచిపనే. కొన్నాళ్ళకి పక్క తలుపు గడియ ఊడింది.

అప్పుడు మీటింగుల్లో పెద్దగా నోరు విప్పని ఒకావిడ అడిగింది, "రిపేర్లకని డబ్బు వస్తుంది కదా, అది ఎంత, ఎవరి సంతకంతో ఖర్చు పెడతారు?" అని. ఒక్కరికీ తెలీదు. కనుక్కుంటే తేలిందేమిటంటే, చిన్న మరమ్మతుకి కూడా హెడ్‌మాస్టర్ సొంతంగా ఖర్చు పెట్టే వీల్లేదు, కాగితం పైకి వెళ్ళి రావాలి. గడియ ఖరీదు కంటే ఆ కాగితం తిరుగుడు ఖర్చే ఎక్కువ. ఆ తర్వాత మేం రాసిన అర్జీలో గడియ అన్న మాటే లేదు. నెలకోసారి ఒక తల్లి, ఒక టీచరు కలిసి టాయిలెట్లు, కుళాయిలు చూసి రిజిస్టర్‌లో రాయాలని అడిగాం. ఫలానా మొత్తం దాకా హెడ్‌మాస్టరే ఖర్చు పెట్టి తర్వాత లెక్క చూపించే అధికారం ఇవ్వాలని అడిగాం. మొదటిది వెంటనే ఒప్పుకున్నారు, ఖర్చు లేదు కాబట్టి. రెండోది ఇంకా నలుగుతోంది. కానీ ఆ అర్జీ చదివినప్పుడు హెడ్‌మాస్టర్ మొహం వెలిగిపోయింది, ఆయనకి కావలసిందీ అదే, ఉద్యోగంలో ఉండి ఆ మాట తను అడగలేడు. మనం శత్రువుల్లా చూసే టీచర్లలో చాలామంది ఇలా మనం అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు.

మా పాప, మా బాబు అని అడిగితే సానుభూతి దొరుకుతుంది, ఒక్కోసారి పని కూడా అవుతుంది, ఆ ఒక్క పాపకి. రూల్ మార్చమని అడిగితే ముందు విసుక్కుంటారు, తిప్పుతారు, కానీ మారితే వచ్చే ఏడాది చేరే పిల్లలకి కూడా మారుతుంది. అమెరికాలో మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘం ఒకటి పెన్సిల్వేనియా రాష్ట్రం మీద కేసు వేసింది. అప్పటికి అక్కడి చట్టమే అలాంటి పిల్లల్ని బడి నుంచి తప్పించడానికి వీలు కల్పించేది. 1970ల మొదట్లో ఆ కేసు తల్లిదండ్రుల వైపు తేలింది, మరికొన్ని పోరాటాలు తోడయ్యాయి, 1975లో దేశం మొత్తానికి చట్టం వచ్చింది. వైకల్యం ఉన్న ప్రతి పిల్లకీ విడిగా చదువు ప్రణాళిక రాయాలి, అది రాసేటప్పుడు తల్లిదండ్రులు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. అంతకుముందు పది లక్షల మందికి పైగా పిల్లలు అసలు బడి గడపే తొక్కలేదు. ఆ తల్లులు ఎవరికి వాళ్ళే "మా వాణ్ణి ఒక్కణ్ణి చేర్చుకోండి బాబూ" అని తిరిగి ఉంటే ఏ దయగల ప్రిన్సిపలో పదిమందిని చేర్చుకునేవాడు, కథ అక్కడితో ఆగిపోయేది.

అదే కాలిఫోర్నియాలో అంతకు చాలా ముందు మెండెజ్ దంపతుల పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్చుకోలేదు, మెక్సికన్ పిల్లల బడికి వెళ్ళమన్నారు. వాళ్ళు ఇంకో నాలుగు కుటుంబాలతో కలిసి, దాదాపు 5,000 మంది పిల్లల తరఫున కోర్టుకెక్కారు. 1947లో అప్పీలు కోర్టులోనూ గెలిచారు. నల్లజాతి పిల్లల్ని వేరే బడుల్లో పెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1954లో, అంటే వీళ్ళు ఏడేళ్ళు ముందే.

అందరూ కోర్టుకే వెళ్ళక్కర్లేదు. చేతిలో ఉన్న హక్కు వాడుకున్నా చాలు. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు, అంటే 75 శాతం, తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఆ కమిటీ పని. చదివితే ఎంత బావుందో. చాలాచోట్ల నడిచేది మాత్రం ఇలా: రిజిస్టర్‌లో తల్లి పేరు, కుర్చీలో తండ్రి, తీర్మానం ముందే రాసి ఉంటుంది, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటారు. అమెరికాలోని షికాగోలో 1988 చట్టంతో వచ్చిన స్థానిక బడి కౌన్సిళ్ళలో కూడా తల్లిదండ్రులదే పెద్ద వాటా, ప్రిన్సిపల్‌ని ఎంచుకునే అధికారం కూడా ఉంది. అంత అధికారం ఉన్న ఊళ్ళోనే 2001లో తల్లులు, నాయనమ్మలు కలిసి తమ పేటకి మాట ఇచ్చిన హైస్కూల్ కట్టమని 19 రోజులు నిరాహార దీక్ష చేయాల్సి వచ్చింది. స్కూలు 2005లో తెరిచారు. కాగితం మీద అధికారం ఇచ్చినంత మాత్రాన డబ్బు మూట విప్పరు మరి.

మూట అంటే గుర్తొచ్చింది. బడ్జెట్ పాసయ్యాక అర్జీ ఇవ్వడం పెళ్ళయిపోయాక జాతకాలు చూపించుకోవడం లాంటిది. ముసాయిదా ఎప్పుడు తయారవుతుంది, ఎవరు తయారుచేస్తారు, అభ్యంతరాలకి గడువు ఎప్పటిదాకా అన్నది ముందు కనుక్కోవాలి. ఏది ఎవరి చేతిలో ఉందో కూడా. మీ బడిలో గడియ హెడ్‌మాస్టర్ చేతిలోనే ఉండొచ్చు, బస్సు రూటు జిల్లా చేతిలో, టీచర్ల ఖాళీలు రాష్ట్రం చేతిలో. బస్సు గురించి హెడ్‌మాస్టర్‌ని గంటసేపు నిలదీస్తే మన బీపీ పెరగడం తప్ప ఒరిగేదేం లేదు. మీటింగ్‌లో మాట్లాడింది మినిట్స్‌లో రాశారో లేదో చూసుకుని గానీ లేవకండి. రాయని మాట అననట్టే.

తల్లిదండ్రుల మాట ఎప్పుడూ న్యాయమేనని నేను అనను. గట్టిగా మాట్లాడగలిగే పదిమంది బడి మొత్తాన్ని తమ ఇష్టానికి తిప్పుకోవడం కూడా చూస్తున్నాం, "పిల్లల మేలు" అనే పేరుతో ఇంకొకరి పిల్లల్ని వేరే సెక్షన్‌కి తోసేయమనడం కూడా. దానికి విరుగుడు రాని వాళ్ళని రప్పించడమే, వేరే దారి లేదు. మా మీటింగుల్లో ఒకావిడకి బడిలో మాట్లాడే భాష రాదు. అయిదో క్లాసు చదివే కొడుకే ఆవిడకి అన్నీ చెబుతుంటాడు. ఒకసారి టీచరు వాడి మీదే ఫిర్యాదు చేస్తుంటే వాడు తల్లి వైపు తిరిగి ఏదో చెప్పాడు, ఆవిడ సంతోషంగా తలూపింది, టీచరు అయోమయంగా చూశారు. అందరం నవ్వుకున్నాం గానీ, ఆవిడ మనసులో బడి గురించి ఏముందో ఈ రోజుకీ మాకు తెలీదు. ఆ భాష తెలిసిన పెద్దవాళ్ళని ఒకరిని కూర్చోబెట్టమని ఇప్పుడు అడుగుతున్నాం. పిల్లల్ని చూసుకోవడానికి పక్క గదిలో ఒక మనిషిని పెట్టమని కూడా.

ఇక మా గ్రూపులో నడుస్తున్న గొడవ చందాల గురించి. సైన్స్ ల్యాబ్‌కి సామాను కొందాం, తలా ఇంత వేసుకుందాం అని ఒకాయన ప్రతిపాదించారు, ఉద్దేశం మంచిదే, ఆయన ముందే పెద్ద మొత్తం వేశారు కూడా. నాకు నచ్చలేదు. మనం కొంటే, కొనాల్సిన వాళ్ళు మర్చిపోతారు. పైగా డబ్బున్న పేటల బడికి ల్యాబ్ వస్తుంది, లేని పేటల బడికి రాదు, రెండూ ప్రభుత్వ బడులే. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా, మాలిబూ ఊళ్ళ బడుల బోర్డు సరిగ్గా ఈ తేడా చూసే 2011లో సిబ్బంది కోసం వసూలయ్యే విరాళాలు ఏ బడికా బడి కాకుండా అన్నిటికీ కలిపి ఒకేచోట వసూలు చేయాలని నిర్ణయించింది. మాలిబూ తల్లిదండ్రులు చాలామంది భగ్గుమన్నారు. మా డబ్బు మా పిల్లలకే కదా అని. వాళ్ళ కోపం నాకు అర్థం కాకపోలేదు.

నేను ఇదంతా గ్రూపులో టైప్ చేస్తుంటే ఈలోపు ఎవరో చందా ఇచ్చిన వాళ్ళ పేర్లు, ఎదురుగా మొత్తాలతో లిస్టు పెట్టారు. కింద ఖాళీగా ఉన్న పేర్లు చాలానే ఉన్నాయి. కాసేపటికి ఆ ఖాళీ పేర్లలో ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. లిస్టు తీసేయించాం గానీ వాళ్ళింకా తిరిగి చేరలేదు. పేర్లు లేకుండా డబ్బాలో వేసేలా వసూలు చేద్దామని కొందరు, అసలు వసూలే వద్దు, ల్యాబ్ సామాను వచ్చే బడ్జెట్‌లో పెట్టమని రాతపూర్వకంగా అడుగుదామని కొందరు. తేలలేదు. నా ఓటు రెండోదానికే, అర్జీ చిత్తుప్రతి కూడా రాసేశాను, సంతకాలకి ముందు ఆ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళాలి.