నా కల్లుప్పు రాళ్లు, ఒక జన్యువు

చిన్నప్పటి నుంచి నాకు ఉప్పు మీద యావ. డబ్బా మూత తీసి కల్లుప్పు రాళ్లు బుగ్గన పెట్టుకునేదాన్ని. అమ్మ చూసిందంటే వీపు మీద రెండు పడేవి. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి ఏడిస్తే నరాల బలహీనత అన్నారు, బీ కాంప్లెక్స్ ఇచ్చారు. అలా పదిహేనేళ్లు గడిచాయి.

పోయినేడు వాంతులై ఆసుపత్రిలో చేరితే పొటాషియం 2.4 వచ్చింది. 3.5 కన్నా తగ్గకూడదట. సెలైన్‌లో ఎక్కించి పంపారు. వారం తిరిగేసరికి మళ్లీ 2.7. మెగ్నీషియమూ తక్కువే. అక్కడి డాక్టర్ అమ్మను బయటికి పంపి, "సన్నబడాలని నీరు తీసే మాత్రలేమైనా వేసుకుంటున్నావా? నిజం చెప్పు" అన్నారు. లేదన్నాను. నమ్మలేదు. ఆ చూపు ఇంకా గుర్తుంది.

వేరే ఊళ్లో కిడ్నీ డాక్టర్‌కు చూపించుకున్నాం. ఆయన మొదట అడిగింది ఉప్పు గురించే. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. "మీది మేనరికమా అమ్మా?" అని అమ్మనడిగారు. అవును, నాన్న అమ్మకు సొంత మేనమామ. 24 గంటల మూత్రం క్యాన్‌లో పట్టి ఇచ్చాను. పొటాషియం అందులోనే పోతోంది, కాల్షియం మాత్రం చాలా తక్కువ. గిటెల్‌మాన్ సిండ్రోమ్ కావచ్చన్నారు, అంటే కిడ్నీలు ఉప్పును నిలుపుకోలేని, పుట్టుకతో వచ్చే జబ్బు. జీన్ టెస్టుకు రక్తమిచ్చాక ఐదు వారాలు టెన్షన్. ఎస్‌ఎల్‌సి12ఎ3 అనే జన్యువుకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉందని రిపోర్టు వచ్చింది.

ఆయన మందుల చీటీ వెనక బొమ్మ వేసి చెప్పారు. కిడ్నీలో సన్నని గొట్టాలుంటాయి. ఆ గొట్టాల కణాల పొర మీద ఉండే ఒక ప్రోటీన్, మూత్రంలోకి పోబోయే ఉప్పును, అంటే సోడియం, క్లోరైడ్‌లను, జంటగా పట్టి లోపలికి తెస్తుంది. దాన్ని తయారుచేసేది ఈ జన్యువే. నాలో ఆ పని సరిగా జరగక ఉప్పు పోతోంది, దాన్ని నిలుపుకోవాలని ఒళ్లు పడే పాట్లలో పొటాషియం పోతోంది. బీపీకి ఇచ్చే, నీరు తీసే థయాజైడ్ మాత్రలు అడ్డుకునేదీ సరిగ్గా ఈ ప్రోటీన్‌నే! మొదటి డాక్టర్‌కు అనుమానం రావడంలో తప్పు లేదని అప్పుడర్థమైంది. నా మాట నమ్మకపోవడమే బాధ.

ఇప్పుడు పొటాషియం సిరప్, మెగ్నీషియం మాత్రలు రోజూ వాడుతున్నాను. సిరప్ నీళ్లలో కలిపినా గొంతు దిగడం కష్టమే. ఉప్పు మాత్రం కావలసినంత తినమన్నారు.

చెల్లికీ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతట. సోమవారం దాని రక్తమిస్తున్నాం. అది ఊరగాయ వట్టిదే తింటుంది.