ఎండ కాస్తుండగా పెరిగే నాగావళి

శ్రీకాకుళంలో నాగావళి గట్టున గాలం వేసేవారిలో చాలామంది ఉదయం లేవగానే ఆకాశం వంక చూస్తారు. నేను మాత్రం రాత్రి ఒడిశాలోని రాయగడ వైపు ఎంత వాన పడిందో ముందుగా తెలుసుకుంటాను, ఎందుకంటే మన ఊరి మీద కమ్మిన మబ్బుకూ మన ఏటిలో నీటిమట్టానికీ ఉన్న సంబంధం చాలా స్వల్పం. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ప్రవహించి, ఆ తరువాతే మన వైపు దిగుతుంది. మన జిల్లాలోని మరో నది వంశధారదీ దాదాపు అదే తీరు. దాని పరీవాహక ప్రాంతం సుమారు 10,800 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో అధిక భాగం ఒడిశాలోనే ఉంది. అందుచేత ఇక్కడ చినుకు లేకపోయినా, ఎండ పెళపెళలాడుతున్నా, మధ్యాహ్నానికి నది మోకాలి లోతు నుంచి నడుము లోతుకు పెరగడంలో వింత లేదు.

కొండల మీద కురిసిన వాన ఎంత నీరుగా మారుతుందో ఒక లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర 50 మిల్లీమీటర్ల వాన పడితే, ఆ నీటి పరిమాణం 1.75 టీఎంసీలకు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పైమాటే. ఇందులో ఎంత భాగం నదికి చేరుతుందన్నది నేలను బట్టి ఉంటుంది. జూన్‌లో తొలకరి పడినప్పుడు వేసవికి బీటలు వారిన నేల చాలావరకు తాగేస్తుంది, పొలాలూ చెరువులూ తమ వాటా తీసుకుంటాయి, నది రంగు మాత్రం మారి ఊరుకుంటుంది. అదే 50 మిల్లీమీటర్లు ఆగస్టు చివర, అప్పటికే తడిసి ముద్దయిన కొండవాలు మీద పడితే, ఎక్కువ భాగం గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, అక్కడి నుంచి నదిలోకి ఉరుకుతుంది. కనుక వాన అంకె ఒక్కటే చూసి లాభం లేదు. అంతకు ముందు వారమంతా ఏం జరిగిందో కూడా చూడాలి. వాతావరణ శాఖ ప్రకటించే రోజు వర్షపాతం ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు లెక్కిస్తారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ రోజు ఉదయం 8.30తో ముగిసే అంకెలో నిన్న తెల్లవారుజామున కురిసిన వాన ఉండదు, ఈ రోజు తెల్లవారుజామున కురిసినది ఉంటుంది.

ఈ కొండల్లో కుండపోత ఎంత వేగంగా దిగివస్తుందో 2017 జూలైలో అందరూ చూశారు. రాయగడ జిల్లాలో ఒక్కసారిగా వచ్చిన వరదకు రైలు వంతెన కొట్టుకుపోయింది, నాగావళి దిగువ దాకా పోటెత్తింది. అటువంటి వరద రోజున చేపల మాట ఎత్తడం కూడా తప్పే గనుక దాన్ని పక్కన పెట్టి, మామూలు వానాకాలపు రోజుల సంగతే చెబుతాను.

ఆనకట్ట ఉంటే వరదను పట్టి ఉంచుతుందన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. నాగావళి మీద, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న తోటపల్లి బ్యారేజీ సామర్థ్యం సుమారు రెండున్నర టీఎంసీలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు; 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. అంటే 29,000 క్యూసెక్కులు ఒక్క రోజు వచ్చి చేరితే, పూర్తిగా ఖాళీగా ఉన్న తోటపల్లి కూడా నిండిపోతుంది. అసలు వానాకాలంలో అది ఖాళీగా ఉండనే ఉండదు. హిరమండలం దగ్గర వంశధార మీద ఉన్న గొట్టా బ్యారేజీ వెనుక నిలిచే నీరు ఇంకా తక్కువ. నీటిని కాలువలకు మళ్లించడమే దాని పని. కనుక వరద కాలంలో ఈ రెండు చోట్లా పైనుంచి వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి వదలక తప్పదు. ‘ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో సమానం’ అని వార్తల్లో వస్తే, ఆ రోజు నదిని నడిపించేది గేటు కాదు, కొండల్లోని వానే అని నేను అర్థం చేసుకుంటాను.

గేటుకు నిజమైన పెత్తనం ఉండేది వరద లేని రోజుల్లోనే. జలాశయం నిండుకుండలా ఉండి, పైన మళ్లీ వాన సూచన వచ్చినప్పుడు, మట్టం తగ్గించుకోవడానికి ముందుగానే ఒకటి రెండు గేట్లు ఎత్తుతారు. గాలం వేసేవారిని ఆదమరపుగా పట్టుకునే నీరు ఇదే, ఎందుకంటే అప్పుడు వాన లేదు, వరద వార్త లేదు, నదిలో నీరు మాత్రం పెరుగుతుంది. పైగా శ్రీకాకుళం వైపు చేపలు పట్టేవారికి తోటపల్లి అంకె ఒక్కటే చాలదు. మడ్డువలస జలాశయం నుంచి వదిలిన సువర్ణముఖి ఏటి నీరు వంగర మండలంలో నాగావళిలో కలుస్తుంది కాబట్టి, రెండు అంకెలూ కలిపి చూసుకోవాలి. తోటపల్లిలో విడుదల తగ్గించారని సంబరపడి బయలుదేరిన రోజునే మడ్డువలస గేట్లు ఎత్తి ఉండవచ్చు. వదిలిన నీరు దిగువకు చేరే సమయాన్ని గంటల్లో లెక్కపెట్టుకోవాలి, అదీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎండిన ఇసుక మీద వచ్చే కొద్దిపాటి నీరు ఇంకుతూ నిదానంగా వస్తుంది, నిండుగా పారుతున్న నదిలో అదే నీరు ఎంతో త్వరగా చేరుతుంది.

క్యూసెక్కులు తెలిసినంత మాత్రాన మన రేవులో లోతు తెలిసినట్టు కాదు. ఇసుక మేటలతో విశాలంగా ఉన్న చోట వేల క్యూసెక్కులు అదనంగా వచ్చినా నీరు పక్కలకు పరుచుకుని బెత్తెడు పెరుగుతుంది. గట్లు దగ్గరపడిన చోట, వంతెన స్తంభాల మధ్య, అదే నీరు మూరెడు లేస్తుంది. ఈ తేడాను గట్టు మీద నిలబడి చూసి నేర్చుకోవలసిందే. నేను రేవు చేరగానే ముందుగా చూసేది వంతెన స్తంభాన్ని. నీటి అంచుకు పైన సిమెంటు మీద నల్లని తడి పట్టీ, దాని మీద అంటుకున్న సన్నని ఒండ్రు కనిపిస్తే నది తగ్గుతున్నదని అర్థం. తడి పట్టీ లేకుండా పొడి సిమెంటును నీరు నేరుగా తాకుతుంటే పెరుగుతున్నదని అర్థం. ఆ తరువాత ఒక పుల్లను నీటి అంచున గుచ్చి, దాని మీద చాకుతో గాటు పెట్టి ఉంచుతాను. ఎండుటాకులు, గడ్డిపరకలు, పసుపురంగు నురగ ఉన్నట్టుండి గుంపుగా కొట్టుకురావడం మొదలైతే, గాటు దాకా నీరు వచ్చిందో లేదో చూడకుండానే సామాను సర్దుకోవడం మంచిది, ఎందుకంటే గట్ల వెంబడి పడి ఉన్న చెత్తను ఎత్తుకొచ్చేది పెరిగే నీరే.

ఇక చేపల సంగతి. కొత్త నీరు వచ్చిన మొదటి గంటలను చాలామంది వృథా అనుకుంటారు గాని, నేను ఒప్పుకోను. నీరు మెల్లగా పెరుగుతూ అంచున ఉన్న గడ్డిని ముంచుతున్నప్పుడు, మునిగిన నేల నుంచి వానపాములూ పురుగులూ బయటపడతాయి, వాటి కోసం జెల్లలు, వాలుగలు గట్టుకు ఆనుకుని తిరుగుతాయి. అప్పుడు గాలాన్ని నడి ఏటిలోకి విసరడం కంటే, గట్టుకు రెండు మూడు బారల దూరంలోనే వానపామును గుచ్చి అడుగున పడేయడం మేలు. నీరు చిక్కని ఎర్రమట్టి రంగుకు తిరిగాక కంటితో చూసి వేటాడే కొర్రమీను జాడ ఉండదు, వాసన పట్టి తినే జెల్ల మాత్రం మిగులుతుంది. ప్రవాహం పతాక స్థాయికి చేరిన రోజున సీసపు గుండు అడుగున నిలవదు, దారానికి చెత్త చుట్టుకుంటుంది. ఆ రోజు ఇంట్లో ఉండడమే నయం.

అసలు రోజులు నది తగ్గేటప్పుడు వస్తాయి. మట్టం నిలకడగా దిగుతూ, నీరు ఎర్రమట్టి రంగు నుంచి పలచని టీ రంగుకు వస్తుండగా, అంచులకు ఎక్కిన చేపలన్నీ వెనక్కి మళ్లి, స్తంభాల వెనుక సుడుల్లోనూ, మేటల తోకల దగ్గర లోతుల్లోనూ ఆగుతాయి. శీలావతి, ఎర్రమోసు వంటివి తవుడు, వేరుశనగ చెక్క కలిపిన పిండిముద్దకు అప్పుడే బాగా పడతాయి. దిగడం ఆగి మళ్లీ ఒక బెత్తెడు పెరిగితే మాత్రం మేత మానేసినట్టు బెండు కదలకుండా ఉండిపోతుంది. పైన ఎక్కడో గేటు కదిలిందని మనకు తెలిసే మొదటి కబురు ఒక్కోసారి అదే. జూలై, ఆగస్టు నెలల్లో పడే బొచ్చె, శీలావతి చాలావరకు గుడ్లతో నిండి ఉంటాయి, వరద నీటిలోనే అవి గుడ్లు పెడతాయి. పొట్ట ఉబ్బిన చేపను నేను తిరిగి వదిలేస్తాను, దీనికి తోటివారు నవ్వినా సరే.

అక్టోబరు, నవంబరు తుపానులకు ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు వాన సముద్రతీరంలో మొదలై కొండల వైపు సాగింది. అటువంటప్పుడు ముందు మన గెడ్డలు పొంగుతాయి, ఆ వెనుక వంశధార ఎగువ నీరు వస్తుంది, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఊళ్లో వాన వెలిసి ఎండ కాసిందని మరునాడే రేవుకు పోవడం అన్నిటికంటే ప్రమాదకరం. ఎగువన ఒడిశాలోని కాశీనగర్, గుణుపురం దగ్గర కేంద్ర జల సంఘం నమోదు చేసే వంశధార నీటిమట్టాలు దిగడం మొదలైందా లేదా అన్నదే అప్పుడు చూడవలసింది.

వరదలు తగ్గాక, కాలువలకు నీరు సాగినంత కాలం బ్యారేజీల దిగువన నది చిక్కిపోయి మడుగులుగా మిగులుతుంది. ఆ మడుగుల్లో చేపలు ఉంటాయి గాని, ఇసుక తవ్విన గుంతలు కూడా వాటి మధ్యనే ఉంటాయి. తేట నీటిలో కనబడే గుంతలను డిసెంబరులోనే గుర్తుపెట్టుకుంటే, మరుసటి ఆషాఢంలో బురదనీరు కమ్మినప్పుడు ఎక్కడ కాలు పెట్టకూడదో తెలుస్తుంది. నది నడుమ ఇసుక తిన్నె మీదికి ఏ కాలంలో వెళ్లినా, తిరిగి వచ్చే దారిలో నీరు చీలమండ దాటితే నేను ఇంకొక్క గాలం కూడా వేయను.