టికెట్ మీద దువ్వాడ అని ఉంటే విశాఖ స్టేషన్‌కి వెళ్ళకండి

మన ఊరి వాళ్ళే ఎక్కువగా పొరపడేది ఇక్కడ. దూరం వెళ్ళే కొన్ని బండ్లు విశాఖ స్టేషన్‌కి రానేరావు. ఊరి శివారులోని దువ్వాడ స్టేషన్ నుంచి సింహాచలం నార్త్ మీదుగా నేరుగా కొత్తవలస వైపు సాగిపోతాయి.

విశాఖ మీదుగా పోయే విజయవాడ-కటక్ దారిని 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది. హౌరా-చెన్నై బండి ఏదైనా విశాఖ స్టేషన్‌లోకి వస్తే, మళ్ళీ వచ్చిన వైపే బయటికి పోవాలి. అంటే ఇంజన్ విప్పాలి. బ్రేకు పైపు ఊడదీయగానే గాలి బుస్సుమంటుంది చూడండి, అదే. తర్వాత రెండో కొసకి ఇంజన్ తగిలించి, చివరి పెట్టె దాకా గాలి ఒత్తిడి సరిగ్గా అందిందో లేదో చూసుకోవాలి. అంతసేపు ఆగేది అందుకే. దువ్వాడలో చాలా బండ్లు ఆగేది రెండు నిమిషాలే.

ఇంకొకటి. ఇంజన్ మారిన బండికి పెట్టెల వరస తిరగబడుతుంది. దువ్వాడలో ముందున్న బోగీ విశాఖలో బయల్దేరేటప్పుడు వెనకుంటుంది. పెద్దవాళ్ళు, సామాన్లు ఉంటే కోచ్ బోర్డు చూసి ముందే అక్కడ నిలబడండి.

విశాఖ స్టేషన్ నుంచి దువ్వాడ రైలు దారిలో సుమారు 17 కిలోమీటర్లు. సాయంత్రం గాజువాక ట్రాఫిక్‌ని నమ్మకండి, గంటన్నర ముందే బయల్దేరండి. బండి రెండు చోట్లా ఆగేదైతే, ఎక్కే స్టేషన్ ముందే మార్చుకోవచ్చు. మార్చాక మాత్రం పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదు.