నీటి వెంట కర్నూలు నడక

కర్నూలును గైడు లేకుండా, చెట్లనూ పక్షులనూ చూస్తూ కాలినడకన తిరగదలచినవారు తమ దారిని కట్టడాలను బట్టి కాక నీటిని బట్టి నిర్ణయించుకోవడం మేలని నా అభిప్రాయం.

కొండారెడ్డి బురుజు దగ్గర తెల్లవారుజామున బయలుదేరితే చాలు. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు. అక్కడినుంచి తుంగభద్ర ఒడ్డుకు వెళ్లి, హంద్రీ వచ్చి కలిసే వైపు నడవాలి. ఎండ ముదరకముందే నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు కనిపించే అవకాశం అక్కడే ఎక్కువ. హంద్రీ ఒడ్డునే ఒకప్పుడు కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ సమాధి అయిన గోల్ గుమ్మజ్ కూడా ఉంది.

నా దృష్టిలో అసలు నడక కె.సి. (కర్నూలు–కడప) కాలువ గట్టుమీదే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి కడప వరకు తీసుకువెళ్లే ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సేద్యానికే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించి తవ్వించింది. లాభాలు రాకపోవడంతో 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. ఈ ప్రాంతపు గట్లమీద సర్కారు తుమ్మను గమనించండి. అమెరికా ఖండానికి చెందిన ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించినట్లు చెబుతారు (పేరులోనే సర్కారు ఉంది మరి!). వంటచెరకుగా అది ఎంత ఉపయోగపడినా, దానికింద మరో మొక్క ఎదగడం కష్టం. పక్కనే వేప, కానుగ కనిపిస్తే పోల్చి రాసుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. వానాకాలంలో వరద హెచ్చరికలు చూసుకున్నాకే నది ఒడ్డుకు దిగాలి.